పళ్ళాలు మార్చి చూడని మనిషి

ఈయన పనికి వంక పెట్టగలవాడు లేడు. ఆ మాట ముందే చెప్పేయాలి. లేకపోతే తర్వాత చెప్పబోయేదంతా విని, ఎవడో పనికిమాలినవాడి గోల అనుకుంటారు. ఊళ్ళో కాటాలు బాగుచేసేవాళ్ళు నలుగురు. మిగతా ముగ్గురూ తమ చేతికి లొంగని కాటాను గుట్టుచప్పుడు కాకుండా తెచ్చి ఈయన గుమ్మంలోనే దింపి పోతారు. నగల కొట్టు త్రాసు దగ్గర్నుంచి లారీలు తూచే వేబ్రిడ్జి దాకా ఈయన చెయ్యి పడనిది లేదు. వీధి వీధంతా కాటా మాస్టారు అంటారు. ఇంట్లో ఆవిడ మాత్రం ఏవండీ అంటుంది, అదీ ఈమధ్య పళ్ళు కొరుక్కుంటూ అంటోంది.

వీధివైపు గదే ఆయన కార్ఖానా. కిటికీ కింద పొడవాటి బల్ల, బల్ల మీద అద్దాల పెట్టెలో రెండు పళ్ళాల ఇత్తడి త్రాసు, పక్కన మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో వరసగా తూనికరాళ్ళు. ఆ రాళ్ళను వేళ్ళతో ముట్టుకోకూడదు, చెమట అంటితే బరువు మారుతుంది. పట్టకారుతోనే తీయాలి. పళ్ళాలు తుడవడం, రాళ్ళు సర్దడం, బాగుచేసిన కాటాకి తూనికల ఆఫీసు వేసే ముద్రకు కట్టే సన్నతీగ తుంచి పెట్టడం ఆవిడ పని. ముప్పై ఒక్క ఏళ్ళుగా చేస్తోంది.

ఆ గదిలో ఒక నియమం ఉంది. ఏది తూచినా రెండుసార్లు తూచాలి. ఒకసారి సరుకు ఎడమ పళ్ళెంలో, రాయి కుడి పళ్ళెంలో. తర్వాత రెండూ అటూ ఇటూ మార్చి మళ్ళీ. త్రాసు దండె ఒకవైపు వెంట్రుకవాసి పొడవున్నా, ఒక్కసారి తూస్తే తెలియదు. అన్నీ సవ్యంగా ఉన్నట్టే కనపడుతుంది. మారిస్తే మాత్రం దొరికిపోతుంది. పళ్ళాలు మార్చకుండా లెక్క చెప్పినవాడిని ఈయన గడప తొక్కనివ్వడు. కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రి కాటా నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోందని నర్సుతో గొడవపెట్టుకుని, మర్నాడు సంచీలో రాళ్ళు పెట్టుకుపోయి రుజువు చేసి వచ్చిన ఘనుడు. పురుటి మంచం మీద ఉన్న ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అలాంటి మనిషి, ఫోనులో వచ్చిన ప్రతి చెత్తనీ కళ్ళకద్దుకుంటాడు. ప్రతి చెత్తనీ అనడం కూడా తప్పే. గొడుగు పార్టీని తిట్టే చెత్తనైతేనే కళ్ళకద్దుకుంటాడు.

పురపాలక సంఘం గొడుగు గుర్తు వాళ్ళ చేతుల్లో ఉంది. ఈయన గంట గుర్తు మనిషి. గొడుగు వాళ్ళ అధ్యక్షుడు ఇంటి కింద సొరంగం తవ్వి అందులో తన కుక్కకి ఈతకొలను కట్టించాడని ఒకరోజు ఒక ఫోటో వచ్చింది. ఈయన దాన్ని ఆవిడకి మూడుసార్లు చూపించాడు. కుక్కకి ఈత నేర్పడానికి నెలజీతానికి మనిషిని పెట్టారట అని కూడా చెప్పాడు, అది ఆ ఫోటోలో లేకపోయినా. అదే వారం గంట పార్టీ నాయకుడు వరదసాయం దుప్పట్లు దాచుకున్నాడని ఒక ఫోటో వస్తే మాత్రం కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. ఇది ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, నీడ ఎటు పడుతోంది, దుప్పట్ల మీద ఆ మడత ఏమిటి అని అరగంట పరిశోధన చేసి, కల్పితం అని తేల్చాడు. ఆ తెలివి కుక్క దగ్గర ఏమైంది మహానుభావా అని ఆవిడ అడగలేదు. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టి మానేసింది.

ఈ పగ ఊరికే రాలేదు. ఆరేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేస్తామని గొడుగు వాళ్ళు వీధిలో అందరి అరుగులూ కొట్టేశారు. ఈయన అరుగుతో పాటు, వేసవిలో కూర్చుని పని చేసుకునే రేకుల పందిరి కూడా పోయింది. రోడ్డు మాత్రం ఇప్పటికీ వెడల్పు కాలేదు. ఆ కోపం న్యాయమైనదే, ఆవిడా కాదనదు. కానీ ఆ ఒక్క అరుగు కోసం మనిషి తన బుర్ర మొత్తం తీసుకెళ్ళి గంట పార్టీ గుమ్మంలో పెట్టి రావాలా?

దానికి తోడు పుట్టుబుద్ధి ఒకటి. తెలియదు అనే మాట ఈయన నోట రాదు. ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు ఉండి తీరాలి, అదీ అందరికంటే ముందు తన దగ్గరే ఉండాలి. కాటా విషయంలో ఆ పట్టుదల అన్నం పెట్టింది. మిగతా విషయాల్లో కొంప ముంచింది.

ఇక ఆవిడ తమ్ముడు. అదే వీధిలో నాలుగు గుమ్మాల అవతల కిరాణా కొట్టు. పురపాలక సంఘం అద్దెకిచ్చే కొట్టు గదుల్లో ఒకటి గొడుగు వాళ్ళ హయాంలో దక్కింది కాబట్టి తమ్ముడు గొడుగు మనిషి. అతగాడూ తక్కువ తినలేదు. గంట పార్టీ వాళ్ళు గెలిస్తే కొట్లన్నీ పీకేసి ఒకే పెద్ద అంగడి కడతారని, దానికి ఎర్ర ఇటుకలు కూడా దిగిపోయాయని నమ్మాడు. ఆ ఇటుకలు ఎక్కడ దిగాయో చూపించమంటే ఇంతవరకూ చూపించలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు కుటుంబాలూ ఇక్కడే భోజనం. బావా బావమరుదులు కంచాల ముందు ఒకరి ఫోను ఒకరి మొహాన పెట్టి వాదించుకోవడం, తమ్ముడి భార్యా, ఆవిడా తల పట్టుకోవడం. అయినా ఆ ఆదివారాలంటే ఆవిడకి ప్రాణం. అమ్మానాన్న పోయాక ఆవిడకి పుట్టిల్లంటే ఆ తమ్ముడే, ఆ తమ్ముడికి బతుకంటే ఆ కొట్టే.

ఆవిడ ఏ పార్టీ కాదు. ఆ మాట తరచూ అంటుంది, కాస్త గర్వంగానే అంటుంది. ఈ మగాళ్ళకి లేని బుద్ధి తనకుందని ఆవిడ నమ్మకం.

ఒక మంగళవారం పొద్దున వచ్చింది ఆ వీడియో. ఎక్కడిదో తెలియదు, మసగ్గా ఉంది. ఒక కొట్టు, ఒక నీలిరంగు ఎలక్ట్రానిక్ కాటా, కొట్టతను జేబులో చెయ్యి పెట్టగానే కాటా మీద అంకె ఎగిరి కూర్చుంటుంది. రిమోటుతో తూకంలో మోసం, గొడుగు వాళ్ళ కొట్లన్నింట్లో ఇదే తంతు అని కింద రాత. ఈయన చూశాడు, కళ్ళు మెరిశాయి. ఫోనులోని వార్డు గుంపులో రెండువందల పైచిలుకు జనం ఉన్నారు. కాటాల పనివాడిగా చెబుతున్నా, ఇది సాధ్యమే, అని తన మాట ఒకటి తగిలించి అందులో పడేశాడు. సాధ్యమే అన్న ఆ ఒక్క మాట చాలింది. వీధిలో గొడుగు వాళ్ళ కొట్టు ఒకటే, అందులో ఉన్నదీ నీలిరంగు కాటానే. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో తమ్ముడి కొట్టుదే అయిపోయింది.

ఆవిడ పళ్ళెం తుడుస్తున్న గుడ్డ కింద పడేసి వచ్చింది. “వాడి కాటా పోయిన నెల మీరే విప్పారు. లోపల ఏమన్నా ఉందా?”

“అప్పుడు లేదు. తర్వాత పెట్టించి ఉండొచ్చు.”

“ముద్ర తెగలేదు కదా?”

“ముద్ర వేసే ఆఫీసు ఎవరి చేతుల్లో ఉంది?” అన్నాడాయన, పెద్ద గుట్టు విప్పినట్టు. ఆ ముద్ర వేయించడానికి కాటాను చంకలో పెట్టుకుని ఆఫీసుకి తీసుకెళ్ళింది తనేనని ఆయనకి గుర్తు లేదు. ఉన్నా పనికిరాలేదు. ఆవిడకి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

మర్నాటి నుంచి ఇంటి ముందు జనం. తమ్ముడి కొట్లో కొన్న పొట్లాలు పట్టుకొచ్చి, మాస్టారూ ఒకసారి తూచి పెట్టండి అని. తమ్ముడు సరుకును గోధుమరంగు కాగితపు సంచుల్లో కట్టి, మీద కొట్టు పేరున్న రబ్బరుముద్ర వేసి ఇస్తాడు. మొదటి రోజు పదకొండు సంచులు వచ్చాయి. పదకొండూ సరిగ్గా ఉన్నాయి. ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఈయన మాత్రం గడ్డం గోక్కుని, గొడవ బయటపడింది కదా, భయపడి సరిగ్గా తూస్తున్నాడు అన్నాడు. రెండో రోజూ సరిగ్గానే ఉన్నాయి. రిమోటు దాచేశాడు అన్నాడు. మూడో రోజు ఒక సంచి ఐదు గ్రాములు ఎక్కువ తూగింది. చూశావా, తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు ఎక్కువ వేస్తాడు అన్నాడు. తక్కువ తూగితే దొంగ, సరిగ్గా తూగితే గడుసు దొంగ, ఎక్కువ తూగితే పశ్చాత్తాపపడ్డ దొంగ. ఇక ఆ పిల్లాడు ఎలా తూస్తే బతుకుతాడో దేవుడికే తెలియాలి.

నాలుగో రోజు పక్కింటావిడ పొరపాటున వేరే సంచి తెచ్చింది. అది వీధి చివర మూలకొట్టుది. మూలకొట్టు ఆసామి గంట పార్టీకి వార్డు కార్యదర్శి, ఈయనకి ఆప్తుడు. కిలో చక్కెర అన్న ఆ సంచి నలభై గ్రాములు తక్కువ తూగింది. ఈయన రాళ్ళు తీస్తూ, చక్కెరలో తేమ ఆరిపోయి ఉంటుంది, ఇది మామూలే అన్నాడు. అని, పళ్ళాలు మార్చి కూడా చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన పళ్ళాలు మార్చకపోవడం ఆవిడ చూడడం అదే మొదలు. పక్కింటావిడ ఆ చక్కెర తనకొద్దని విసుక్కుంటూ అక్కడే వదిలేసి పోయింది.

అప్పుడు పుట్టింది ఆవిడకి ఆ బుద్ధి. ఇంత కోపంలో కాకపోతే పుట్టేది కాదు. మధ్యాహ్నం ఆయన భోజనం చేసి కునుకు తీస్తుండగా, వంటింట్లో తమ్ముడి కొట్టు సంచి ఒకటి ఖాళీగా ఉంటే తీసి, మూలకొట్టు చక్కెర గింజ పోకుండా అందులో పోసింది. మూలకొట్టు సంచిని పిండి డబ్బా వెనక దాచింది. ఆయన లేచి మొహం కడుక్కుని వచ్చాక, ఇదిగో, ఇది కూడా ఒకసారి తూచి పెట్టండి అని బల్ల మీద పెట్టింది.

ఆయన తూచాడు. నలభై గ్రాములు తక్కువ. ఈసారి పళ్ళాలు మార్చాడు, మళ్ళీ తూచాడు. నలభై గ్రాములే. ఆయన మొహం వెలిగిపోయింది. నాలుగు రోజులుగా ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినట్టు మురిసిపోయాడు. దొరికాడు, నేను చెప్పలేదూ అన్నాడు. తేమ మాటే లేదు.

ఉండండి ఇప్పుడే వస్తా అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పిండి డబ్బా వెనక చెయ్యి పెట్టి సంచి తీసింది. అక్కడే వచ్చేయవలసింది. కానీ ఇన్నేళ్ళకి చేతికి చిక్కాడు కదా, ఊరికే వదలబుద్ధి కాలేదు. కడవలోంచి గ్లాసుడు నీళ్ళు ముంచుకుని తాగుతూ, ఏ మాట ముందు అనాలి, ఏ మాట వెనక అనాలి అని కూర్చుకుంది. తేమ ఎక్కడికి పోయిందండీ అని మొదలుపెడదాం అనుకుంది. తనలో తను నవ్వుకుంది కూడా.

తిరిగొచ్చేసరికి ఆయన ఫోను బల్ల మీద పెడుతున్నాడు.

త్రాసు ఒక పళ్ళెంలో తమ్ముడి కొట్టు ముద్ర కనపడేలా సంచి, రెండో పళ్ళెంలో రాళ్ళు, ఫోటో తీసి పంపేశాడు. ఇదిగో రుజువు, రెండు వైపులా తూచింది నేనే, అని రాసి మరీ. ఆవిడ చేతిలో మూలకొట్టు సంచి అలాగే ఉండిపోయింది.

“అది మూలకొట్టు చక్కెరండీ. నేనే పోశాను ఆ సంచిలో. తీసేయండి, ముందు అది తీసేయండి.”

ఆయనకి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ముందు కోపం వచ్చింది. ఇంట్లోనే నాకు పరీక్షలు పెడతావా అని కేక పెట్టాడు. ఆ తర్వాత మొహం పాలిపోయి, ఫోటో తీసేశాడు. కానీ అప్పటికే అది మూడు నాలుగు గుంపులు దాటింది. కాటా మాస్టారు సొంత బావమరిదినే వదల్లేదు, అదీ నిజాయితీ అంటే, అని మూలకొట్టు ఆసామి రాశాడు.

ఆవిడే ఆ గుంపులో జరిగింది జరిగినట్టు చెప్పింది. చక్కెర మూలకొట్టుదని, సంచి మార్చింది తనేనని, తమ్ముడిది ఏ తప్పూ లేదని. ఒక్కరూ నమ్మలేదు. తమ్ముణ్ణి కాపాడుకోడానికి ఆడకూతురు పాపం ఎంత కథ అల్లిందో అన్నారు. ఈయనా రాశాడు. నేను పొరబడ్డాను, బావమరిది తూకం సరైనది అని. ఆయన గంట పార్టీ వాళ్ళే, నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్నవాళ్ళే, మాస్టారు ఎంతకి అమ్ముడుపోయాడో అన్నారు. పెట్టెలోని రాళ్ళన్నీ సంచీలో వేసుకుని తమ్ముడి కొట్టు ముందు రెండు రోజులు కూర్చున్నాడు, ఎవరు కొన్నా అక్కడికక్కడే తూచి చూపిస్తానని. కొనేవాడొస్తే కదా. ఇంటికొచ్చి, నేను తూచి చెబుతున్నా నమ్మరేమిటి అని ఆవిడ మీదే విరుచుకుపడ్డాడు. అన్ని రోజులు వచ్చిన వాడి సంచులన్నీ మీకు అదే చెప్పాయి కదండీ అందామనుకుంది. కాసేపటికి ఆయనే తేరుకుని, దీని వెనక గొడుగు వాళ్ళే ఉన్నారు, బావా బావమరుదుల్ని విడదీయాలని వీడియో వదిలింది వాళ్ళే అన్నాడు. ఆవిడ లేచి అవతలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదివారం తమ్ముడి ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఆవిడ వండింది వండినట్టే ఉంది. మరుసటి ఆదివారమూ అంతే. తను వెళ్తే మరదలు తలుపు తీసి, ఆయన లేరు వదినా అంది, లోపల తమ్ముడి దగ్గు వినపడుతుండగానే. కొట్లో పప్పులు పురుగు పట్టాయి. ఎవడో వచ్చి కాటాను కింద పడేసి పోయాడు.

మూడో వారం, బుధవారం పొద్దున, తమ్ముడు తనే వచ్చాడు. తువ్వాలులో చుట్టిన నీలిరంగు కాటా చంకలో ఉంది. కొట్టు ఖాళీ చేస్తున్నానని, వేరే ఊళ్ళో మామగారి గోదాములో పని చూసుకున్నానని చెప్పాడు.

“ఇది ఎవరికైనా అమ్మిపెట్టండి బావా” అన్నాడు.

అమ్మాలంటే తూకం చూడాలి. ఈయన కాటాను బల్ల మీద పెట్టి, మట్టం సరిచేసి, పట్టకారుతో రాళ్ళు తీశాడు. మధ్యలో పెట్టి చూశాడు, నాలుగు మూలలా పెట్టి చూశాడు. కింద పడ్డ కాటా, అయినా ఏ మూలా ఒక్క గ్రాము తేడా లేదు. ముద్ర తీగ తెగలేదు. మళ్ళీ మొదటి నుంచీ అన్ని రాళ్ళూ పెట్టాడు, ఎక్కడైనా చిన్న తప్పు దొరికితే బాగుండునన్నట్టు.

“సరిగ్గా ఉంది” అన్నాడు చివరికి, తల ఎత్తకుండా.

“తెలుసు బావా” అన్నాడు తమ్ముడు.

ఆవిడ అతని వెనకే గుమ్మం దాకా వచ్చింది. మెట్టు దిగబోయినవాడు ఆగాడు. ఆ సంచి నువ్వే మార్చావా అని అడిగాడు. ఆవిడ మొత్తం చెప్పింది. తేమ సంగతి, పిండి డబ్బా, తాగిన గ్లాసు నీళ్ళు కూడా దాచకుండా చెప్పింది. తప్పు నాదేరా, మీ బావ తిక్క కుదర్చబోయి నీ గొంతు కోశాను అంది. అతను చివరిదాకా విన్నాడు.

“మా వాళ్ళు వేరేగా అంటున్నారక్కా. గంట వాళ్ళే నీకు చెప్పి చేయించారని.”

“వాళ్ళ సంగతి వదిలెయ్. నువ్వేమంటావు? అలా చేస్తానా నేను?”

తమ్ముడు ఆవిడ మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలితే ముందు ఎవరి దగ్గరికి పరిగెత్తేవాడో ఆ మొహంలోకే, చాలాసేపు చూశాడు.

“తెలియదక్కా” అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట ఆ ఇంటి మగవాళ్ళ నోట ఒక్కసారి వినాలని ఆవిడ కోరిక. ఇవాళ వింది. తమ్ముడు వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, లోపలికి వచ్చి, ఆయన బల్ల మీద వదిలేసిన రాళ్ళను పట్టకారుతో ఒక్కొక్కటే పెట్టెలో సర్దింది.